ఆయుధాలు కూడబెట్టిన నవాబు: మూడవ సాలార్‌జంగ్

మీ ఇంట్లో తాతముత్తాతల నాటి వస్తువు ఏదైనా ఉందా? రైల్వే ఉద్యోగాల కోసం వచ్చి, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక ఇంట్లో, ట్రంకుపెట్టె అడుగున పాత సైనిక పతకం ఒకటి ఉందనుకుందాం. అది ఎవరిది? ఏ యుద్ధంలో వచ్చింది? చెప్పగలిగిన పెద్దలు పోతే, అది వట్టి లోహపు బిళ్ల అయిపోతుంది. యుద్ధాల నాటి వస్తువులతో పాటు వేలకొద్దీ పాత వస్తువులను సేకరించిన ఒక వ్యక్తి జీవితాన్ని ఈ పాఠంలో తెలుసుకుందాం.

బాల్యం, పదవి

మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1889 జూన్ 13న పుణెలో జన్మించారు. నెల తిరగకముందే తండ్రి రెండవ సాలార్‌జంగ్ మరణించారు. తాత మొదటి సాలార్‌జంగ్ 1853 నుండి 1883 వరకు హైదరాబాదు సంస్థానానికి దివాను, అనగా ప్రధానమంత్రి. సాలార్‌జంగ్ అనే బిరుదుకు యుద్ధ సేనాని అని అర్థం. ఈయన పేరు మాత్రం యుద్ధాలు చేయడం వల్ల కాక, వస్తువులు సేకరించడం వల్ల నిలిచింది.

1912లో, ఇరవైమూడేళ్ల వయసులో, ఆయన దివాను అయ్యారు. 1914లో పదవి వదులుకున్నారు. ఆ తరువాత తన కాలాన్నీ, ఆస్తినీ సేకరణకే వెచ్చించారు. దేశవిదేశాల వర్తకులు ఆయన దేవిడీకి వస్తువులు తెచ్చి అమ్మేవారు. ఆయన స్వయంగా విదేశాలకు వెళ్లి కూడా కొన్నారు. ఆయన వివాహం చేసుకోలేదు.

ఆయుధాలు చెప్పే చరిత్ర

ఆయన కూడబెట్టినవాటిలో చిత్రాలు, గ్రంథాలు, గడియారాలతో పాటు కత్తులు, బాకులు, డాళ్లు, ఇనుప కవచాలు, శిరస్త్రాణాలు, ఒత్తి అంటించి పేల్చే పాత తుపాకులు ఉన్నాయి. ఔరంగజేబు, టిప్పు సుల్తాను వంటివారివని చెప్పే ఆయుధాలు కూడా ఉన్నాయి.

అయితే ఒక కత్తి ఫలానా రాజుదని ఎలా తెలుస్తుంది? మాట మీద నమ్మితే చాలదు. దాని మీద చెక్కిన పేరు, ముద్ర, లిపి, లోహం, పనితనం పరిశీలించాలి. ఒక ఉదాహరణ చూడండి. ఈ సేకరణలో పచ్చని జేడ్ రాతితో చేసిన ఉంగరం ఒకటి ఉంది. వింటినారి లాగేటప్పుడు బొటనవేలు కోసుకుపోకుండా విలుకాడు దానిని ధరిస్తాడు. దాని మీద షాజహాను బిరుదు చెక్కి ఉంది. ఆ అక్షరాలే లేకపోతే, అది ఎవరిదో చెప్పడం కష్టం.

లోహం కూడా సాక్ష్యమే. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రంలో ఒకప్పుడు మేలైన ఉక్కు తయారయ్యేది. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కొనుక్కుపోయేవారు. అలాంటి ఉక్కుతో చేసిన కత్తుల మీద నీటి అలల వంటి గీతలు కనబడతాయి.

చెదిరిపోకుండా నిలిచింది

1949 మార్చి 2న సాలార్‌జంగ్ మరణించారు. సంతానం లేదు. వస్తువులు వేర్వేరు భవనాల్లో ఉన్నాయి. పంచుకున్నా, అమ్మినా, ఒక జీవితకాలపు శ్రమ చెల్లాచెదురయ్యేది. అలా జరగలేదు. జేమ్స్ కజిన్స్ అనే కళావిమర్శకుడు వాటిని ఒకచోట అమర్చారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో వారసులు హైకోర్టు ద్వారా రాజీపడి, సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా అది జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. 1968లో మూసీనది ఒడ్డున ఉన్న కొత్త భవనంలోకి మారింది. ఒకనాడు ప్రాణాలు తీసిన ఆయుధాలు నేడు అక్కడ అందరికీ చరిత్ర పాఠాలు చెబుతున్నాయి.

మీరు చేయండి

ఇప్పుడు ట్రంకుపెట్టెలోని పతకాన్ని మళ్లీ తలచుకోండి. అది మొదటి ప్రపంచయుద్ధం నాటిదైతే, అంచు చుట్టూ చూడండి. సైనికుని సంఖ్య, పేరు, దళం పేరు చిన్న అక్షరాలతో ఉండవచ్చు. దానిని చింతపండుతో తోమకండి. తోమగా తోమగా అక్షరాలు అరిగిపోతాయి. మీ ఇంట్లోని పాత వస్తువును ఒకదాన్ని తీసుకొని, అది ఎవరిది, ఎప్పటిది, ఈ సంగతి మీకు ఎవరు చెప్పారు అనే వివరాలు నోటుపుస్తకంలో రాయండి. పెద్దలు ఉండగానే అడిగి రాయండి.