హార్లెం వీధిలో ఒక బాలుడు: జేమ్స్ బాల్డ్విన్ జీవితము

న్యూయార్కు మహానగరములో హార్లెం నల్లజాతివారి పేట. అక్కడ పదేండ్ల బాలుని ఒకనిని ఇద్దరు పోలీసులు ఒకనాడు పట్టుకొని నిలిపినారు. వాని చేత ఆయుధము లేదు. వాడు చేసిన నేరము లేదు. వయస్సుకు మించి ఎదిగిన పిల్లవాడును కాడు. ఐనను వారు వాని ఒళ్లంతయు తడిమి సోదా చేసినారు. వాని పుట్టుకను గూర్చి, మగతనమును గూర్చి పసివాని ముందు అనరాని మాటలాడి నవ్వుకొన్నారు. అది చాలదన్నట్లు ఒక ఖాళీ స్థలములో వెల్లకిల పడవేసి తమ దారిని తాము పోయినారు. వారికది కాలక్షేపము. ఇట్టివి సామాన్యముగా ఠాణా పుస్తకములకు ఎక్కవు. ఆ పిల్లవాడు పెరిగి పెద్దవాడై, ఇరువదవ శతాబ్దపు ఆంగ్ల వచన రచయితలలో ముందు వరుసను నిలిచినందున మాత్రమే ఈ సంగతి లోకమునకు తెలియవచ్చినది. అతడే జేమ్స్ బాల్డ్విన్.

బాల్డ్విన్ 1924 ఆగస్టు 2వ తేదీన హార్లెంలో పుట్టినాడు. కన్నతండ్రి ఎవరో అతడెరుగడు. అతనికి మూడేండ్లయినను నిండకముందే తల్లి బెర్డిస్, డేవిడ్ బాల్డ్విన్ అనునాతనిని పెండ్లాడినది. ఆ మారుతండ్రి దక్షిణ రాష్ట్రములనుండి వలస వచ్చినవాడు. వారమంతయు సీసాలలో పానీయములు నింపెడి కర్మాగారములో కూలి. ఆదివారము చర్చిలో మతబోధ. తెల్లవారిని నమ్మడు, ఇంట నవ్వడు. తొమ్మండుగురు పిల్లలలో జేమ్స్ పెద్దవాడు. ఒక చేత తమ్ముని ఎత్తుకొని, రెండవ చేత పుస్తకము పట్టుకొని చదివెడివాడు.

బడి అతనిని ఆదుకొన్నది. ప్రధానోపాధ్యాయురాలు గెర్‌ట్రూడ్ ఏయర్ నల్లజాతి మహిళ. ఆరిల్లా మిల్లర్ అను తెల్లజాతి యువతి, ఉపాధ్యాయిని, కుర్రవాని తెలివిని గుర్తించి పుస్తకము లిచ్చినది. నాటకములకు, సినిమాలకు వెంటబెట్టుకొని పోయినది. నాటకము పాపమని నమ్మిన తండ్రికి ఇది ఏమాత్రము నచ్చలేదు. ఐనను చదువు చెప్పెడి మనిషిని కాదనుటకు నోరు రాలేదు. ఆమె మూలముననే తాను తెల్లవారి నందరిని ఒక్కుమ్మడిగా ద్వేషింపలేకపోయినానని బాల్డ్విన్ పెద్దవాడైన పిదప వ్రాసికొన్నాడు. ఉపాధ్యాయ వృత్తిలోనున్నవారు ఈ సంగతి దగ్గర ఒక్క క్షణము ఆగుట తగును. ఒక సమాజము ప్రతినిధులుగా ఒక బాలుని యొద్దకు ఇద్దరు పోలీసులు వచ్చినారు, ఒక పంతులమ్మయు వచ్చినది. వాని మనస్సులో ఈ రెండును చివరివరకు నిలిచిపోయినవి.

హార్లెంలో 135వ వీధి గ్రంథాలయమునకు అతడు వారమునకు మూడు నాలుగు మారులు పోయి, అక్కడి పుస్తకములన్నియు చదివివేసినాడట. ఇంకను పెద్ద గ్రంథాలయము కావలసివచ్చినది. అది నగరము నడుమ, ఫిఫ్త్ అవెన్యూ మీద 42వ వీధి దగ్గర, గుమ్మమునకు ఇరుప్రక్కల రాతి సింహములతో నిలిచియున్నది. పదుమూడవ యేట ఒకనాడు అచ్చటికి పోవుచు రోడ్డు దాటుచుండగా, నడుమ నిలిచిన పోలీసు ఒకడు, అతనిని దాటి పోనిచ్చుచునే, జాతిని తిట్టెడి మాటతో గొణిగినాడు: మీ పేటలో మీరు పడియుండరాదా అని ఆ మాటల భావము. దెబ్బ లేదు, సోదా లేదు. పుస్తకము కొరకు పోవు పిల్లవానికి దారిలో ఒక అదృశ్యమైన గోడ కలదని తెలియజెప్పుటకు ఆ గొణుగుడే చాలినది.

పదునాలుగవ యేట వేసవిలో ఈ గోడ నలుదిక్కుల కమ్ముకొన్నది. నిన్నటి వరకు తనతో ఆడుకొన్న మిత్రులు కొందరు సారాయికి, కొందరు మత్తుమందు సూదికి లొంగిపోవుచుండిరి. కొందరు ఊరు విడిచి పోయినారు, కొందరు సైన్యములో చేరినారు, కొందరు చెరసాలకు చేరినారు. తాము ఎంత మంచిగా నడచుకొన్నను పోలీసుల చేతి దెబ్బ తప్పదని పేటలోని ప్రతి కుర్రవానికి తెలియును. వీధి సోదావలన కలుగు హాని ఇచ్చటనే ఉన్నది. జేబులో ఏమియు దొరకకపోయినను, సోదా అయిన బాలుని వద్దనుండి ఒకటి పోవును: మంచితనమునకు ఫలితముండునన్న నమ్మకము. నేరము చేయనివానికిని చేసినవానికిని ఒకే మర్యాద జరిగెడి చోట, చేయకుండుటకు కారణమేమి? ఈ ప్రశ్నకు భయపడి బాల్డ్విన్ చర్చిలోనికి పారిపోయినాడు. మూడేండ్లు బాల మతబోధకుడై, తండ్రికంటె ఎక్కువ జనమును రప్పించినాడు. తరువాత విశ్వాసము సడలి వేదిక దిగినాడు గాని, ఆ ఉపన్యాసపు లయ మాత్రము అతని వచనమును విడువలేదు.

1943 జూలై 29న మారుతండ్రి మరణించినాడు. ఆనాడే కడపటి చెల్లెలు పుట్టినది. ఆగస్టు 1వ తేదీ రాత్రి హార్లెంలో ఒక హోటలు వద్ద తెల్లజాతి పోలీసు ఒకడు నల్లజాతి సైనికుని కాల్చినాడు. సైనికుడు గాయపడినాడంతే, చచ్చిపోయినాడని వదంతి పుట్టి పేట భగ్గుమన్నది. ఆరుగురు ప్రాణములు కోల్పోయినారు. ఆగస్టు 3వ తేదీ ఉదయమున బాల్డ్విన్ తండ్రి శవము వెంట పగిలిన అద్దపు పెంకుల నడుమ శ్మశానమునకు పోయినాడు. తండ్రి ద్వేషము తండ్రినే తినివేసినదని, అదే విషము తనలోను ఉన్నదని ఆ దినమున అతనికి బోధపడినది. 1955లో వెలువడిన అతని తొలి వ్యాససంపుటికి పేరు తెచ్చిన వ్యాసము ఈ ఘట్టమునే చెప్పినది.

ఈ దేశముననే ఉండిన ఎవరినో చంపుదును, లేదా చత్తునని తోచి, 1948 నవంబరు 11న నలుబది డాలర్లతో అతడు పారిసు చేరినాడు. అక్కడనైన పోలీసులు వదలినారా? మరుసటి యేడు డిసెంబరులో, స్నేహితుడు ఒక హోటలునుండి తెచ్చి యిచ్చిన దుప్పటి దొంగసొమ్మని అరెస్టు చేసినారు. క్రిస్మసు పండుగ చెరసాలలో గడచినది. ఎనిమిది దినముల పిమ్మట న్యాయస్థానములో దుప్పటి కథ విని అందరును పక్కున నవ్వినారు, కేసు కొట్టివేసినారు. ఆ నవ్వు అతనికి క్రొత్తది కాదు. క్రిందివాని కష్టము తమను అంటదనుకొన్నవారి నవ్వు ఏ దేశమునందైనను ఒక్కటే అని అతడు గ్రహించినాడు. హార్లెం ఖాళీ స్థలములో విన్నది కూడ అదే కాబోలు.

1957లో స్వదేశమునకు తిరిగివచ్చి, పౌరహక్కుల ఉద్యమము జరుగుచున్న దక్షిణ నగరములలో తిరిగినాడు. 1960లో హార్లెంను గూర్చి వ్రాసిన వ్యాసములో అతడు పోలీసును వర్ణించిన తీరు విశేషమైనది. శత్రుదేశమును ఆక్రమించి నిలిచిన సైనికుడుగా చూపినాడు. కాని ఆ సైనికుని రాక్షసుని చేయలేదు. తననెందుకు ద్వేషింతురో తెలియక, అడుగడుగున భయపడుచు, ఇద్దరు ముగ్గురు కలిసి గాని నడువలేని సామాన్యుడని గుర్తించినాడు. సోదాకు గురియైనవాడు సోదా చేసినవాని గుండెలోనికి చూడగలుగుట చిన్న సంగతి కాదు. అతని వ్యాసములకు బలము ఇదియే. 1963లో వచ్చిన ఫైర్ నెక్స్ట్ టైం గ్రంథముతో అతని పేరు దేశమంతట మ్రోగినది. అమెరికా గూఢచారి పోలీసు శాఖ అతనిపై కూర్చిన దస్త్రము 1,884 పుటలకు పెరిగినది.

1964లో న్యూయార్కు రాష్ట్రము, అనుమానము కలిగిన చాలును వీధిలో ఎవరినైనను ఆపి సోదా చేయుటకు పోలీసులకు అధికారమిచ్చు చట్టము చేసినది. ఆ యేప్రిలులో హార్లెంలో పిల్లలు పండ్లబండి పడద్రోసిన చిన్న గొడవలో పోలీసులు విరుచుకుపడినారు. కొట్టుచున్నారేమని అడిగిన పాపమునకు ఒక అమ్మకపుదారు కన్ను పోయినది. జూలైలో పదునైదేండ్ల విద్యార్థిని ఒక పోలీసు అధికారి కాల్చి చంపగా మరల అల్లరులు చెలరేగినవి. 1966లో బాల్డ్విన్ ఈ కన్ను పోయినవాని కథను, దానివెంట హత్యకేసులో ఇరుకుకొన్న ఆరుగురు కుర్రవాండ్ర కథను వ్రాసి, క్రొత్త చట్టము ఎవరి కొరకు పుట్టినదో సూటిగా చెప్పినాడు. ఆ ఆరుగురికి విధించిన శిక్షలు 1968లో పై న్యాయస్థానమున రద్దయినవి. అదే యేడు జూన్ 10న అమెరికా సుప్రీంకోర్టు, సహేతుకమైన అనుమానమున్న ఆపి తడుముట చెల్లునని ఎనిమిదిమంది న్యాయమూర్తుల మెజారిటీతో తీర్పు చెప్పినది. భిన్నాభిప్రాయము తెలిపినవాడు ఒక్కడే. ఎవరి కంటికి సహేతుకము అన్నది మాత్రము వీధిలో నిలిచిన జవానుకే మిగిలినది.

1974 నాటి నవల ఇఫ్ బీల్ స్ట్రీట్ కుడ్ టాక్‌లో, పోలీసు ఒకని పగకు చిక్కి, చేయని నేరమునకు జైలుపాలైన యువశిల్పి కథ కలదు. కొందరు విమర్శకులు పెదవి విరిచినారు. తన పూర్వ సహాయకుడు ఒకడు హత్యానేరముపై నిర్బంధములో ఉండగా, అతనిని విడిపించుటకు బాల్డ్విన్ యేండ్ల తరబడి పాటుపడినాడని తెలిసినవారికి ఆ నవల కోపమెక్కడిదో తెలియును.

చివరి దినములు ఫ్రాన్సులో సెయింట్ పాల్ ద వాన్సు అను గ్రామమున గడిపి, 1987 డిసెంబరు 1న బాల్డ్విన్ కాలము చేసినాడు. అతడు పోయిన తరువాతను వీధులు మారలేదు. 2011 ఒక్క సంవత్సరములో న్యూయార్కు పోలీసులు 6,85,724 మార్లు మనుష్యుల నాపినారు. పదింట తొమ్మిది సందర్భములలో ఏ నేరము నిలువలేదు. పదునాలుగు మొదలు ఇరువదినాలుగేండ్ల వరకు గల నల్లజాతి, లాటినో యువకులు నగర జనాభాలో నూటికి ఐదుగురైనను లేరు; ఆపబడినవారిలో నూటికి నలువదిమందికి పైగా వారే. 2013 ఆగస్టు 12న ఫెడరల్ న్యాయస్థానము ఈ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది.

2017లో బాల్డ్విన్ వ్రాతప్రతులు, ఉత్తరములు న్యూయార్కు సార్వజనిక గ్రంథాలయమునకు చేరినవి. వానిని భద్రపరచినది రాతి సింహముల భవనములో కాదు. హార్లెంలో, 135వ వీధి గ్రంథాలయము పెరిగి పెద్దదైన షాంబర్గ్ కేంద్రములో.