కన్నీళ్లు లేని అల్లిక నేర్పిన ఎలిజబెత్

దసరా వెళ్లి దీపావళి దగ్గర పడుతోందంటే మా నాగల్‌గిద్ద వైపు తెల్లవారుజామున చలి మొదలవుతుంది. ఆ తర్వాత సంగారెడ్డి జిల్లాలో కోహీర్, న్యాల్‌కల్‌లలో చలి ఎంత పడిందో పేపర్లో చూస్తూనే ఉంటాం. పెట్టెల్లోంచి స్వెట్టర్లు బయటికొస్తాయి. వాటితోపాటు కొన్ని ఇళ్లలో ఇంకొకటి కూడా బయటికొస్తుంది. ఎప్పుడో మొదలుపెట్టి, జానెడు పొడవు అల్లి, సూదులతో సహా పాత సంచీలో చుట్టి పెట్టేసిన ఊలు ముక్క! మొదలుపెట్టడం ఎవరో చూపించారు. మధ్యలో అల్లిక చేతికి అలవాటైంది. ముగించడం ఎలాగో తెలియక అక్కడే ఆగిపోయింది.

ఇలా ఆగిపోయే చేతులకు ధైర్యం చెప్పడమే జీవితకాలం పనిగా పెట్టుకున్న ఒకావిడ ఉండేది. పేరు ఎలిజబెత్ జిమ్మర్‌మన్. చేతి అల్లిక మీద ప్రేమ ఉన్న ఆడవాళ్లు ప్రపంచంలో చాలాచోట్ల ఆవిడ పేరు ఇంట్లో మనిషి పేరులా తలుచుకుంటారు.

ఎలిజబెత్ 1910లో ఇంగ్లండ్‌లో పుట్టింది. తండ్రి నౌకాదళంలో అధికారి. అల్లిక చిన్నప్పుడే ఇంట్లో నేర్చుకుంది. అప్పట్లో ఇంగ్లండ్ ఆడవాళ్లు ఊలు కుడిచేత్తో పట్టుకుని సూది చుట్టూ తిప్పేవాళ్లు. జర్మనీ, స్విట్జర్లాండ్ వైపు ఎడమచేతి వేలికి చుట్టుకుని సూదితో లాక్కునేవాళ్లు. ఎలిజబెత్ రెండు పద్ధతులూ నేర్చింది కానీ, ఎడమచేతి పద్ధతే తేలికని జీవితాంతం చెప్పింది.

పెద్దయ్యాక స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లోనూ, జర్మనీలోని మ్యూనిక్‌లోనూ బొమ్మలు వేయడం చదువుకుంది. మ్యూనిక్‌లోనే ఆర్నాల్డ్ జిమ్మర్‌మన్‌తో పరిచయం. ఆయనది బీరు తయారీ వృత్తి. అవి హిట్లర్ రోజులు. పాలకుల మీద ఓ మాట తూలినందుకు ఆర్నాల్డ్ దేశం విడిచి వెళ్లాల్సి వచ్చింది. 1937లో ఇద్దరూ ఇంగ్లండ్‌లో పెళ్లి చేసుకుని, అదే ఏడాది అమెరికా చేరారు. కొత్త దేశం, చేతిలో అంతంతమాత్రం డబ్బు, ఆ తర్వాత ముగ్గురు పిల్లలు. చివరికి విస్కాన్సిన్ రాష్ట్రంలో స్థిరపడ్డారు. అక్కడ చలి అంటే మన చలి కాదు, నెలల తరబడి మంచే. స్వెట్టర్ అక్కడ అలంకారం కాదు, అవసరం.

పిల్లలకి అల్లుతూ అల్లుతూ ఆవిడకి ఓ ఆలోచన వచ్చింది. పుస్తకాల్లో స్వెట్టర్ అంటే ముందు భాగం వేరు, వెనక భాగం వేరు, చేతులు వేరు. అన్నీ అల్లాక చివర్లో కుట్టి కలపాలి. ఆ కుట్టడం దగ్గరే సగం మంది విసిగిపోతారు. మనిషి ఒళ్లు గుండ్రంగా ఉన్నప్పుడు స్వెట్టర్ మాత్రం పలకల్లా ఎందుకు అల్లాలి? వైరుతో కలిపిన జంట సూదుల మీద గొట్టంలా అల్లేస్తే అతుకులే ఉండవు. పైగా సాదా అల్లిక అయితే ఎప్పుడూ సీదా కుట్టే, ఉల్టా వేసే బాధ ఉండదు. ఈ పద్ధతి కొత్తదేం కాదు, ఉత్తర యూరప్ పల్లెల్లో ఎప్పట్నుంచో ఉన్నదే. ఆవిడ దాన్ని మళ్లీ ఇళ్లలోకి తెచ్చింది.

1950లలో ఆవిడ డిజైన్ ఒకటి ఓ పత్రిక తీసుకుంది. సంతోషమే కానీ, గుండ్రంగా అల్లమని ఆవిడ రాసిన వివరాల్ని పత్రికవాళ్లు పాత పద్ధతిలో ముక్కలుగా మార్చేశారు. చాలామంది అయితే డబ్బు వచ్చిందిగా అని ఊరుకునేవాళ్లు. ఎలిజబెత్ ఊరుకోలేదు. తన మాట తన మాటగానే చేరాలని 1958లో సొంతంగా ఓ చిన్న ఉత్తరం లాంటి పత్రిక మొదలుపెట్టింది. మరుసటి ఏడాది ఇంటి నుంచే ఊలు, సూదులు పోస్టులో పంపే వ్యాపారం పెట్టింది. ఆ దంపతులు పాత బడి భవనం ఒకటి కొని ఇల్లుగా మార్చుకున్నారు. అందుకే ఆ సంస్థ పేరు స్కూల్‌హౌస్ ప్రెస్. 1960లలో టీవీలో పాఠాలు చెప్పింది. 1971లో కన్నీళ్లు లేని అల్లిక అనే అర్థం వచ్చే పేరుతో మొదటి పుస్తకం తెచ్చింది. 1974లో అల్లిక శిబిరాలు మొదలుపెట్టింది.

ఇంతకీ ఆవిడ నేర్పిందేమిటి? మొదలుపెట్టడానికి ముందు ఓ చిన్న లెక్క. ఎంచుకున్న ఊలుతో, సూదులతో కాస్త అల్లి, అంగుళానికి ఎన్ని కుట్లు పడుతున్నాయో చూసుకోవాలి. ఆ మచ్చుముక్క వృథా అనిపిస్తే దాన్నే టోపీగా అల్లేయమంది! అంగుళానికి 5 కుట్లు, స్వెట్టర్ చుట్టుకొలత 40 అంగుళాలు అనుకోండి. 200 కుట్లు. ఇక మిగతావన్నీ అందులోంచే వస్తాయి. మణికట్టు దగ్గర అందులో 20 శాతం, అంటే 40. చెయ్యి పైభాగం 33 శాతం, 66. మెడకి 40 శాతం, 80. పసిపిల్లకైనా పెద్దాయనకైనా ఇదే లెక్క. ఇది తెలిశాక ఎవరి పుస్తకంలో కొలతలూ చూడక్కర్లేదు.

మొదటి వరస ఎక్కించేటప్పుడు ఊలు కొస పొడవుగా వదులుకోవాలి. కుట్టుకి అంగుళం చొప్పున వదిలితే మధ్యలో చాలకపోవడం ఉండదు. కుట్లు బిగించకూడదు. బిగిస్తే అంచు ముడుచుకుపోతుంది.

ముగించడంలో అయితే అసలు కష్టం మెడ దగ్గర. మామూలు పద్ధతిలో ఒక కుట్టు మీద నుంచి ఇంకో కుట్టు దాటించుకుంటూ పోతే, చెయ్యి కాస్త బిగుతైనా చాలు, స్వెట్టర్ పిల్లాడి తల దాటదు. నెల్లాళ్ల కష్టం అక్కడ బూడిదలో పోస్తుంది. దానికి ఎలిజబెత్ కుట్టుసూదితో ముగించే పద్ధతి చెప్పింది. అంచు పొడవుకి మూడు, నాలుగు రెట్లు ఊలు ఉంచి కత్తిరించి, మొన మొద్దుగా ఉన్న కుట్టుసూదికి ఎక్కించాలి. మొదటి రెండు కుట్లలోంచి కుడి నుంచి ఎడమకి దూర్చాలి. తర్వాత మొదటి కుట్టులోంచి ఎడమ నుంచి కుడికి వెనక్కి తెచ్చి, ఆ కుట్టుని అల్లిక సూది మీద నుంచి దించేయాలి. ఇలా చివరిదాకా. అంచు సాగుతుంది, చూడ్డానికి మొదటి వరసలాగే ఉంటుంది.

1968లో ఆవిడ చేసిన పాపాయి కోటు ఇంకా చిత్రం. 160 కుట్లతో మొదలయ్యే ఒకే ముక్క. సూది నుంచి దించాక ఆకారం లేని గుడ్డలా ఉంటుంది. కాగితం పడవలా మడిస్తే కోటు అవుతుంది. భుజాల దగ్గర రెండు కుట్లు వేస్తే సరి.

ఇంత చేసినా, ఇవి తాను కనిపెట్టానని చెప్పుకోలేదు. ఏ మూలో ఏ ఇల్లాలో ఎప్పుడో ఇలాగే చేసి ఉంటుందని, తనది మళ్లీ బయటికి తీయడమేనని అనుకునేది. ఈ మాట దగ్గర నాకు మన నరసాపురం గుర్తొస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన లేసు అల్లిక గోదావరి జిల్లాల్లో వేలమంది ఆడవాళ్లకి జీవనాధారం అయింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఆ పనిలో ఒకరు పువ్వులు అల్లితే, ఇంకొకరు అతుకుపని చేస్తారు. పువ్వు అల్లిన మనిషికి అది ఎవరి బల్ల మీద పరుపయిందో తెలియదు. పేరూ ఉండదు, ధరలో వాటా కూడా అంతంతే. మొదలు నుంచి చివరిదాకా పని తన చేతిలో ఉంటే మనిషికి దొరికే ధైర్యమే ఎలిజబెత్ పంచిపెట్టింది.

ఆవిడ 1999 నవంబరు 30న, 89వ ఏట కన్నుమూసింది. కూతురు మెగ్ స్వాన్సెన్ ఆ పనిని కొనసాగించింది.

ఈ చలికాలం ఆ పాత సంచీ విప్పి చూడండి. సూది మీద ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. స్వెట్టర్‌కి చాలకపోతే పాపాయి టోపీకైనా చాలుతాయేమో. వదులుగా ముగించడం మాత్రం మరిచిపోకండేం!