చదువురాని వానికి దారి చూపిన చిత్రలిపి: ఒట్టో నోయ్‌రాట్ జీవితం

ఒక పెద్ద ప్రభుత్వ వైద్యశాల ప్రాంగణంలో, చేత చీటీ పట్టుకొని, గోడల మీది పలకల వంక దీనంగా చూస్తూ నిలిచిన వృద్ధురాలిని మనలో చూడనివారు అరుదు. అక్కడ పలకలు లేకపోలేదు. అక్షరాలూ పెద్దవిగానే ఉన్నాయి. కాని ఆ అక్షరాలు ఆమెకు రావు. లేదా, ఆమెకు వచ్చిన ఒకే ఒక లిపి ఆ గోడ మీద లేదు. ఎదురైన వారినల్లా అడిగి, ముగ్గురు మూడు దిక్కులు చూపగా, ఆమె సరియైన గదికి చేరేసరికి వైద్యుడు లేచి వెళ్లిపోయి ఉంటాడు. ప్రజల కొరకు కట్టిన భవనంలో ప్రజలకే దారి దొరకకపోవడం స్వల్ప విషయం కాదు. చదువురాని వానికి, భాష తెలియని వానికి కూడా జ్ఞానద్వారం తెరువవలెనని జీవితమంతా పాటుపడిన మేధావి ఒట్టో నోయ్‌రాట్. విద్యార్థి మిత్రులకు ఆయన జీవితాన్ని సంగ్రహంగా పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నోయ్‌రాట్ 1882 డిసెంబరు 10న ఆస్ట్రియా రాజధాని వియన్నాలో జన్మించాడు. తండ్రి విల్‌హెల్మ్ అర్థశాస్త్ర ఆచార్యుడు. ఇంట వేలకొలది గ్రంథాలుండేవి. అక్షరాలు రాని వయస్సులోనే ఆ బాలుడు ఆ గ్రంథాలలోని బొమ్మలను గంటల తరబడి చూస్తూ గడిపేవాడు. వియన్నా ప్రదర్శనశాలలోని ప్రాచీన ఈజిప్టు చిత్రాలు అతని మనస్సును హరించాయి. అందులో మనుషులు, పశువులు, పడవలు స్పష్టమైన రేఖలతో, నీడలు లేక, ఏ వస్తువు ఏదో ఇట్టే తెలిసేటట్లు ఉండేవి. ఆ బాల్యముద్ర చివరి వరకు చెరగలేదు.

వియన్నాలోను, బెర్లిన్‌లోను చదివి, 1906లో బెర్లిన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు. 1907లో అన్నా షాపిరే అనే విదుషీమణిని వివాహమాడాడు. 1911లో కుమారుడు పాల్ జన్మించిన కొలది రోజులకే ఆమె మరణించింది. మరుసటి సంవత్సరం ఆయన ఓల్గా హాన్ అనే గణితవేత్తను పెండ్లాడాడు. ఓల్గా ఇరవై రెండేండ్ల ప్రాయంలోనే చూపు కోల్పోయింది. చదువు మానవలసి వచ్చిందని ఆమె కుంగిపోయి ఉండగా, ఆమెకు గ్రంథాలు చదివి వినిపించేందుకు మిత్రులను కూడగట్టినవాడు నోయ్‌రాటే. ఆ సాయంతో ఆమె డాక్టరేటు సంపాదించింది. కంటి ద్వారా లోకానికి విద్య నేర్పిన మనిషి సహధర్మచారిణి అంధురాలు కావడం విధి వైచిత్ర్యమే. తెలుసుకొనే హక్కు ఎవరికైనా ఉన్నదనీ, దారి మూసుకొనిపోతే మరొక దారి వెదకవలెననీ ఆయన ఇంటనే నేర్చుకొన్నాడు.

మొదటి ప్రపంచ యుద్ధానంతరం 1919లో జర్మనీలోని బవేరియాలో ఏర్పడిన విప్లవ ప్రభుత్వాల కాలంలో ఆర్థిక ప్రణాళికా శాఖను నిర్వహించాడు. ఆ ప్రయోగం అణచివేయబడగానే కారాగార శిక్ష పడింది. ఆస్ట్రియా ప్రభుత్వం కల్పించుకొనడంతో విడుదలై స్వదేశం చేరాడు. అనంతరం వియన్నా తత్త్వవేత్తల బృందంలో ప్రముఖుడై, సామాన్యుని అనుభవానికి అందని మాటల ఆడంబరాన్ని జీవితాంతం నిరసించాడు.

ఆయన కీర్తికి మూలమైన కార్యం 1925లో ఆరంభమైంది. ఆ సంవత్సరం వియన్నాలో సాంఘిక ఆర్థిక ప్రదర్శనశాలను స్థాపించాడు. నగరపాలక సంస్థ ఆనాడు కార్మికులకు వేలాది గృహాలు నిర్మిస్తున్నది. ఆ ఖర్చు ఎంత, శిశుమరణాలు ఎట్లు తగ్గుతున్నవి, క్షయవ్యాధి ఎక్కడ ప్రబలినది అనే విషయాలు ఎవరి సొమ్ముతో పనులు జరుగుతున్నవో వారికే తెలియకపోతే ప్రజాస్వామ్యమెక్కడిది? కాని అంకెల పట్టికలు చూచి శ్రమజీవి బెదరిపోతాడు. కనుక నోయ్‌రాట్ అంకెను బొమ్మగా మార్చాడు.

ఆ పద్ధతిలో మూడు నియమాలు ముఖ్యమైనవి. మొదటిది, ఒక వస్తువుకు ఎల్లప్పుడూ ఒకే గుర్తు. రెండవది, పరిమాణం పెరిగినప్పుడు బొమ్మను పెద్దది చేయక, అదే బొమ్మను ఎక్కువసార్లు వేయడం. అప్పుడు చూచేవాడు లెక్కించగలడు, మోసపోడు. మూడవది, అనవసరమైన ప్రతి రేఖను తొలగించడం. ఇందులో ఆయన ఏకాకి కాడు. శాస్త్రజ్ఞుల లెక్కలలో సామాన్యునికి చెప్పవలసినది ఏదో ఏరి, దానికి చిత్రరూపం నిర్ణయించిన ప్రజ్ఞాశాలిని మరీ రైడెమైస్టర్. ఆ గుర్తులను చెక్కిన కళాకారుడు గెర్డ్ ఆర్న్‌ట్స్. ఆయన రూపొందించిన గుర్తులు సుమారు 4000. ఈ పద్ధతికి 1935లో ఐసోటైప్ అనే పేరు ఏర్పడింది. ఆ పేరు సూచించినది మరీయే.

1936లో అంతర్జాతీయ చిత్రభాషను గురించి ఆయన ఒక చిన్న గ్రంథం ప్రకటించాడు. భాష తెలియని దేశంలో అడుగుపెట్టిన ప్రయాణికుని అవస్థను అందులో వర్ణించాడు. రేవులోనో స్టేషనులోనో టికెట్టు ఎక్కడ కొనవలెనో, సామాను ఎక్కడ ఉంచవలెనో, తపాలా కార్యాలయంలో ఏ వైపు పోవలెనో అతనికి తెలియదు; మాటల పక్కనే బొమ్మ ఉంటే అతడు తడబడక సాగిపోగలడు. గమనించవలసినదేమంటే, ఆయన మాటలను తీసివేయమనలేదు. వాటికి బొమ్మను తోడు చేయమన్నాడు. ఆయన కృషిలో అధికభాగం గణాంక చిత్రాలకే అంకితమైనా, నేటి మార్గసూచికల శాస్త్రానికి బీజం ఇందులోనే కనబడుతుంది.

ఇంతలో రాజకీయ తుపాను చెలరేగింది. 1934 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలో అంతర్యుద్ధం సంభవించినప్పుడు ఆయన మాస్కోలో ఉన్నాడు. తిరిగి రావద్దని మరీ సంకేత భాషలో తంతి పంపింది. ఆయన వియన్నాకు పోక, హాలెండులోని హేగ్ నగరంలో తలదాచుకొన్నాడు. 1937లో ఓల్గా అక్కడనే కన్నుమూసింది. 1940 మే నెలలో నాజీ సేనలు హాలెండును ఆక్రమించగా, ఆయన, మరీ కిక్కిరిసిన ఒక చిన్న పడవలో సముద్రంలోకి సాగిపోయారు. బ్రిటిష్ యుద్ధనౌక వారిని రక్షించింది. అయితే శత్రుదేశీయులన్న కారణంగా ఇంగ్లండు వారిని నిర్బంధంలో ఉంచింది. 1941లో విడుదలై వివాహం చేసుకొని, ఆక్స్‌ఫర్డ్‌లో తమ సంస్థను మళ్లీ నెలకొల్పారు. మూడుసార్లు అన్నీ పోగొట్టుకొన్నా ఆయన నవ్వు మాయలేదు. లేఖల చివర సంతకంగా ఒక ఏనుగు బొమ్మ గీసేవాడు. దాని తొండం ఆయన మనఃస్థితిని తెలిపేది. 1945 డిసెంబరు 22న ఆక్స్‌ఫర్డ్‌లో ఆయన హఠాత్తుగా మరణించాడు.

ఆయన నాటిన విత్తనం మాత్రం మరణించలేదు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలలో, జపాను భాష రాని వేలాది అతిథులకు గుర్తులే దారి చూపాయి. 1974లో అమెరికా రవాణా శాఖ కొరకు 34 గుర్తులు సిద్ధమయ్యాయి. 1979లో అవి 50 అయ్యాయి. విమానాశ్రయాలలోను, వైద్యశాలలలోను మనం నిత్యం చూచే స్త్రీపురుష రూపాలు ఈ వంశానికి చెందినవే. నోయ్‌రాట్ కుమారుడు పాల్ నాజీ నిర్బంధ శిబిరాల నుండి బయటపడి, సాంఘిక శాస్త్రజ్ఞుడై, 1956లో పూనా ప్రాంత గ్రామాలలో రైతులు రేడియో ద్వారా ఎంత నేర్చుకొనగలరో పరిశీలించడానికి మన దేశానికి వచ్చాడు. తండ్రి కంటిని నమ్మితే, కొడుకు చెవిని పరీక్షించాడు. ఇద్దరి లక్ష్యమూ ఒక్కటే.

మనకీ సత్యం కొత్త కాదు. 1951-52లో జరిగిన తొలి సాధారణ ఎన్నికలలో చదువురాని కోట్లాది ఓటర్లు గుర్తులను చూచియే ప్రభుత్వాన్ని ఎన్నుకొన్నారు. అట్టి ప్రజలు అదే ప్రభుత్వపు కార్యాలయంలో గది తెలియక తిరుగాడడం న్యాయమా? హైదరాబాదు స్టేషను పేరుపలక మీద నాలుగు లిపులున్నాయి, అది ఔదార్యం. అయినా ఏ లిపీ రానివాడు ఇంకా మిగిలే ఉన్నాడు.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇంజనీర్లు, వైద్యులు, అధికారులు అవుతారు. మీ కార్యాలయం గుమ్మంలో పలక పెట్టించేనాడు, దానిని వ్రాసేవాని వైపు నుండి గాక వెదికేవాని వైపు నుండి చూడండి. దారి చీలే చోటనే గుర్తు ఉన్నదా, మొదట చూపిన గుర్తే చివరి తలుపు మీద కూడా ఉన్నదా అని ఒక్కసారి నడచి పరీక్షించండి. చేత చీటీతో నిలిచిన ఆ వృద్ధురాలు ఎవరినీ అడుగకుండా వైద్యుని గదికి చేరుకొన్ననాడు నోయ్‌రాట్ శ్రమ ఫలించినట్లే.