మెలకువే ఆయుధం: ఒనకె ఓబవ్వ జీవితం

మన మండికల్ ప్రాంతపు ఇండ్లలో తెలుగు మాట్లాడతాము. సంతకు, కచేరీకి వెళ్ళినప్పుడు కన్నడం మాట్లాడతాము. ఒకే వస్తువుకు రెండు పేర్లు మన పిల్లలకు ఉగ్గుపాలతోనే అబ్బుతాయి. వడ్లు దంచి పిండి కొట్టే రోకలిని కన్నడంలో ఒనకె అంటారు. ఆ ఇంటి పనిముట్టునే బిరుదుగా ధరించిన వీరవనిత ఒనకె ఓబవ్వ. కిత్తూరు చెన్నమ్మ వలె, ఝాన్సీ లక్ష్మీబాయి వలె ఆమె రాణి కాదు. ఆమెకు సైన్యం లేదు, గుర్రం లేదు, కత్తిసాము నేర్పిన గురువు లేడు. ఆమె ఒక కోట కావలివాని ఇల్లాలు. అయినప్పటికీ రెండు శతాబ్దాలు దాటిన తరువాత కూడా కర్ణాటకలో ఆమె పేరు ఎరుగని బడిపిల్లలు అరుదు.

ఓబవ్వ శౌర్యాన్ని గురించి చాలామంది చెప్పారు. ఆమె వివేకాన్ని గురించి చెప్పినవారు తక్కువ. చేతిలోని రోకలి కంటె ముందు ఆమెకు తోడు నిలిచినవి ఆమె చెవి, కన్ను, బుద్ధి. ఆ సంగతిని మన విద్యార్థినులకు విశదం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బెంగుళూరుకు వాయవ్యంగా సుమారు 200 కిలోమీటర్ల దూరంలో చిత్రదుర్గం కలదు. అక్కడ పెద్ద పెద్ద బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుగా, ఒకదానికొకటి ఒరిగినట్లుగా ఉంటాయి. ఆ బండలనే గోడలలో కలుపుకొని ఏడు చుట్లుగా కట్టిన కోట కనుక దానికి ఏడు చుట్ల కోట అనే పేరు వచ్చింది. అందులో 19 పెద్ద ద్వారాలు, 38 దిడ్డివాకిళ్ళు, 35 రహస్య మార్గాలు ఉన్నవని లెక్క చెబుతారు. కొండపై కురిసిన వాన నీరు వృథా కాకుండా మడుగులలో నిలిచేటట్లు ఏర్పాటు చేశారు. మనకు చేరువలోని గుడిబండ కొండకోటను, దానిపై రాతి దొనలను చూచిన పిల్లలు ఈ ఏర్పాటును సులభంగానే ఊహించుకోగలరు.

ఈ దుర్గాన్ని ఏలిన నాయకులు బేడ కులస్థులు. మన వైపు వారినే బోయలంటాము. వారి పూర్వీకులు తిరుపతి ప్రాంతం నుండి వలస వచ్చారని పరంపరగా చెప్పుకొంటారు. విజయనగర సామ్రాజ్య కాలంలో సామంతులుగా ప్రారంభమైన ఆ నాయకులు సామ్రాజ్యం పతనమైన తరువాత స్వతంత్రంగా వ్యవహరించారు. ఆ వంశంలో చివరివాడైన మదకరి నాయకుడు 1754లో చిన్న వయసుననే గద్దె నెక్కాడు.

1761లో మైసూరు రాజ్యాధికారాన్ని చేజిక్కించుకొన్న హైదరాలీ చుట్టుపట్ల పాళెగాండ్రను ఒక్కొక్కరినే లొంగదీయసాగాడు. మన చిక్కబళ్ళాపురం 1762లో అతని వశమైంది. చిత్రదుర్గం కొంతకాలం అతనికి లోబడి నడిచింది. 1763లో బిదనూరుపై అతడు దండెత్తినప్పుడు తోడుగా కూడా వెళ్ళింది. కానీ 1777లో మరాఠాలు, నిజాము కలిసి హైదరుపైకి వచ్చిన వేళ మదకరి నాయకుడు ప్రక్క మార్చాడు. ఆగ్రహించిన హైదరు దుర్గాన్ని ముట్టడించాడు. నెలలు గడిచినా కోట లొంగలేదు. చివరకు 13 లక్షల వరహాల దండుగతో సంధి కుదిరింది. తరువాత హైదరు మరల వచ్చాడు. ఈ ముట్టడుల కాలానికి చెందినదే ఓబవ్వ కథ.

రాజుల కథలు శాసనాలకు, బఖైర్లకు ఎక్కుతాయి. కావలివాని భార్య కథ ప్రజల నాలుక మీద నిలుస్తుంది. ఓబవ్వ చలవాది కులంలో పుట్టిన పేదరాలు. భర్త పేరు ముద్దహనుమ. కోటలో ఒక బురుజు వద్ద కావలి కాచి, ఆపద వస్తే కాహళ మనే కొమ్ముబూర ఊది దండును మేల్కొలపడం అతని ఉద్యోగం. వారి గుడిసె ఆ కావలి స్థలానికి దగ్గరలోనే ఉండేది. సమీపంలో తణ్ణీరు దోణి అనే చిన్న నీటి దొన ఉంది. అక్కడే రెండు బండల నడుమ మనిషి ఒదిగి దూరగలిగినంత సందు ఒకటి ఉంది. కన్నడంలో అటువంటి సందును కిండి అంటారు.

ఒకనాటి మధ్యాహ్నం ముద్దహనుమ భోజనానికి ఇంటికి వచ్చాడు. కుండలో నీరు లేదు. ఓబవ్వ బిందె తీసుకొని దోణి వద్దకు వెళ్ళింది. అప్పుడు ఆమెకు బండల వెనుక నుండి గుసగుసలు వినిపించాయి. భర్త కావలి విడిచి అన్నం తినే సమయం కనిపెట్టి, ఎవరూ ఎరుగరనుకొన్న ఆ సందు గుండా హైదరు సైనికులు కోటలోనికి చొరబడబోతున్నారు.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆ శబ్దం మరొకరి చెవిన పడి ఉంటే గాలి అనుకొనేవారు, బల్లి అనుకొనేవారు. ఓబవ్వ ప్రతి దినం అక్కడికే నీటికి వచ్చేది. అక్కడ ఏ వేళ ఏ పక్షి కూస్తుందో, నీరు ఎట్లా చుక్కలుగా రాలుతుందో ఆమెకు తెలుసు. మామూలుగా ఉండవలసిన దేదో తెలిసిన వారికే మామూలు కాని దేదో తెలుస్తుంది. ఆమె మొదటి ఆయుధం ఈ పరిచయమే.

రెండవది, స్థలాన్ని అంచనా వేయడం. బండల వెలుపల ఎంతమంది ఉన్నారో ఆమె ఎరుగదు. ఎరుగవలసిన అవసరమూ లేదు. ఆ సందులో ఒకసారికి ఒక్కడే రాగలడు. వచ్చేవాడు వంగి, తల ముందు పెట్టి ప్రాకవలసిందే. అట్లా వచ్చేవానికి కత్తి దూసే వీలుండదు, చుట్టూ చూచే వీలుండదు. వెలుపల వేయిమంది ఉన్నా లోపలికి వచ్చేది ఒక్కడే. బలవంతుడైన శత్రువు బలహీనుడయ్యే చోటును ఆమె గుర్తించింది.

మూడవది, సమయాన్ని అంచనా వేయడం. అక్కడే నిలిచి కేక వేస్తే చొరబాటుదారులు జాగ్రత్తపడతారు, త్వరపడతారు. బురుజు వరకు పరుగెత్తితే ఆలోగా పదిమంది లోపలికి రావచ్చును. ఒకసారి పదిమంది లోపల నిలబడితే ఆ సందు వలన కలిగిన అనుకూలత పోతుంది.

నాలుగవది, ఆయుధాన్ని ఎన్నుకోవడం. ఆమె ఇంటిలోనికి వెళ్ళి చేతికి అలవాటైన రోకలిని తెచ్చుకొన్నది. బరువైన కర్ర, చివర ఇనుప పొన్ను. దానిని ఎంత ఎత్తితే ఎంత వేగంతో దిగుతుందో ఏండ్ల తరబడి దంచిన ఆమె భుజానికి తెలుసు. కత్తి కంటె రోకలి గొప్ప ఆయుధమని దీని అర్థం కాదు. తెలియని గొప్ప ఆయుధం కంటె తెలిసిన సాధారణ వస్తువే ఆపదలో ఉపకరిస్తుందని అర్థం.

ఓబవ్వ సందుకు ఎదురుగా నిలబడలేదు. ప్రక్కగా బండ చాటున నిలిచింది. మొదటివాని తల బయటకు రాగానే రోకలి దిగింది. వెంటనే ఆమె చేసిన పనిలోనే ఆమె బుద్ధి సూక్ష్మత కనబడుతుంది. ఆ శవాన్ని ఆమె అక్కడే వదిలివేయలేదు. ప్రక్కకు ఈడ్చి దారి ఖాళీ చేసింది. వెనుక వచ్చేవానికి అనుమానం కలుగలేదు. వాడూ అట్లాగే వచ్చాడు. ఆ పైన మరొకడు. ఈ విధంగా నూరుకు పైబడి సైనికులు నేలకూలారని జానపదులు చెబుతారు. సంఖ్య ఎంతైననేమి, ఆ దినం ఆ సందు గుండా కోట పడిపోలేదు. ఆమె సందు దాటి వెలుపలికి పోయి వారిని తరుమలేదన్నది కూడా గమనించవలసిన విషయం. కాపాడవలసిన హద్దు ఏదో ఆమెకు తెలుసు.

నీటికి వెళ్ళిన భార్య ఎంతకూ రాకపోయేసరికి ముద్దహనుమ వెదకుతూ వచ్చాడు. రక్తంతో తడిసిన రోకలి పట్టుకొని నిలిచిన ఇల్లాలిని, చుట్టూ పడి ఉన్న శత్రువులను చూచి నిశ్చేష్టుడైనాడు. తేరుకొని కాహళ మూదాడు. దండు వచ్చి మిగిలిన వారిని తరిమివేసింది. కానీ ఓబవ్వ ఆ సాయంకాలం చూడలేదు. అలసటకు, ఉద్వేగానికి ప్రాణం విడిచిందని కొందరంటారు. ఒక శత్రువు వెనుక నుండి పొడిచాడని మరికొందరంటారు.

ఈ రెండవ కథనం నన్ను చాలా ఆలోచింపజేసింది. ఎదుటి సందుపై చూపు నిలిపినవారికి వీపు వెనుక ఏమి జరుగుతున్నదో తెలియదు. ఎంతటి మెలకువ గలవారికైనా రెండు కన్నులే. అందుచేతనే ఆపదలో రెండవ మనిషి అవసరం. భర్త భోజనానికి భంగం కలుగకూడదనే ఓబవ్వ అతనిని పిలువలేదని కథ చెప్పేవారు మెచ్చుకొంటూ చెబుతారు. నాకు ఆ మెప్పు సమ్మతం కాదు. అంతటి వివేకవతి అన్నం విస్తరి కొరకు కోటను పణంగా పెట్టదు. పిలిచే వ్యవధి లేదని గ్రహించి ఉంటుందని భావించడమే ఆమెకు తగిన గౌరవం. ఆడపిల్ల తన కష్టం ఎవరికీ చెప్పకుండా తానే భరించడం గొప్ప గుణమని ఈ కథ ద్వారా నేర్పినట్లయితే మనం ఓబవ్వకు అన్యాయం చేసినవారమవుతాము.

దుర్గం చివరకు 1779లో పడిపోయింది. హైదరు ఫిరంగులు దానిని గెలువలేదు. నాయకుని కొలువులోని కొందరు అధికారుల ద్రోహం గెలిచింది. మదకరి నాయకుడు కుటుంబంతో సహా శ్రీరంగపట్టణానికి బందీగా పోయాడు. దుర్గపు జనంలో 20,000 మందిని అక్కడికి తరలించారని చరిత్రకారులు వ్రాశారు. ఏడు చుట్ల గోడలు చేయలేని పనిని ఒక దినం ఒక స్త్రీ మెలకువ చేసింది. ఆ మెలకువ కొలువులో లేనందున ఏడు చుట్లూ వ్యర్థమయ్యాయి.

ప్రజలు ఓబవ్వను మరువలేదు. దుర్గానికి వెళ్ళినవారు నేటికీ ఓబవ్వ కిండిని చూడకుండా తిరిగిరారు. త.రా.సు. నవలల ఆధారంగా పుట్టణ్ణ కణగాల్ 1972లో తీసిన నాగరహావు చలనచిత్రంలో జయంతి ఓబవ్వ పాత్ర ధరించిన తరువాత ఆమె కథ ఇంటింటికీ చేరింది. చిత్రదుర్గంలో ఆమె విగ్రహం నిలిచింది. 2021 నుండి కర్ణాటక ప్రభుత్వం నవంబరు 11వ తేదీన ఆమె జయంతిని జరుపుతున్నది. ప్రభుత్వ వసతి విద్యాలయాలలో బాలికలకు ఇచ్చే ఆత్మరక్షణ శిక్షణకు ఆమె పేరే పెట్టారు.

పాఠశాలల వార్షికోత్సవాలలో ఓబవ్వ వేషం వేయని సంవత్సరం ఉండదు. చిన్నారి నడుముకు చీర బిగించి, అట్టతో చేసిన రోకలి ఎత్తగానే చప్పట్లు మ్రోగుతాయి. అయితే ఆ వేషం బిందెతో ప్రారంభం కావాలని నా మనవి. దోణి వద్ద ఆగి, చెవి ఒగ్గి, ఊపిరి బిగపట్టి వినే ఆ నిమిషాన్ని మన బాలికలు అభినయించాలి. రోకలి దెబ్బ ఆ నిమిషానికి పుట్టిన బిడ్డ.

ప్రియమైన విద్యార్థినులారా! ఓబవ్వది యుద్ధ కాలం. మీది వేరు కాలం. ఆమె మౌనంగా ఉండడం వివేకమైంది. మీకు ఆపద ఎదురైతే బిగ్గరగా అరవడమే వివేకం కావచ్చును. ఆమె నిలిచి పోరాడింది. మీకు పరుగెత్తి నలుగురున్న చోటికి చేరడం సరియైన దారి కావచ్చును. ఆమె చేసిన పనిని అనుకరించవద్దు, ఆమె ఆలోచించిన తీరును అనుసరించండి. ఈ దారిలో మామూలు కానిది ఏమున్నది? నా ముందు ఎవరు, వెనుక ఎవరు? తప్పించుకొనే దారి ఏది? పిలిస్తే పలికే వారెంత దూరంలో ఉన్నారు? ఇవి ప్రతి దినం నడిచే దారిలోనే అలవాటు చేసుకోవలసిన ప్రశ్నలు.

చట్టం కూడా ఇదే వివేకాన్ని కోరుతుంది. 1860 నాటి భారత శిక్షాస్మృతి ఆత్మరక్షణను హక్కుగా అంగీకరించింది. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆ హక్కును చెబుతున్నాయి. అయితే రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. అధికారుల సహాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు ఆ హక్కు వర్తించదు. ఆపద తొలగిన తరువాత కొట్టే దెబ్బ రక్షణ కాదు, పగ. ఆపద వేళ 112కు, బాలబాలికలు 1098కు ఫోను చేయవచ్చును. ముద్దహనుమ చేతి కాహళ మిప్పుడు మీ అందరి చేతిలోనూ ఉన్నది. దానిని ఊదడానికి సిగ్గుపడవద్దు.

డెబ్బది అయిదేండ్లుగా ఈ పాఠశాల మన పల్లెల ఆడపిల్లలకు అక్షరాన్ని అందించింది. అక్షరంతో పాటు చుట్టూ చూచే కన్నును, సమయం తెలిసిన బుద్ధిని కూడా అందించగలిగితే ఈ ప్లాటినం పండుగ సార్థకమవుతుంది. ఆ ప్రయత్నంలో తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు మాకు తోడు నిలువవలసిందిగా ప్రార్థిస్తున్నాను.