చక్రపాణి: బడి ఎగ్గొట్టే బుడ్డోడి దొంగ కడుపునొప్పి.. తెలుగు ఇళ్లను నవ్వించిన తెనాలి రచయిత కథ ఇదీ!

బడి టైమ్‌కు సరిగ్గా కడుపునొప్పి.. బడి టైమ్ దాటగానే ఆటలు! ఈ నాటకం ఆడని పిల్లాడు ఉండడు. 1952లో వచ్చిన 'పెళ్లిచేసి చూడు' సినిమాలో మాస్టర్ కుందు చేసిన పిల్లల పాట ఈ అల్లరి మీదే నడుస్తుంది. ఆ సినిమాకు కథ రాసిందీ, నాగిరెడ్డితో కలిసి తీసిందీ గుంటూరు జిల్లా మనిషే. ఆయనే చక్రపాణి.

అసలు పేరు వేరే..

గుంటూరు అంటే మిర్చి, పత్తి గుర్తొస్తాయి. అదే జిల్లాలోని తెనాలి మాత్రం రచయితలకు, నటులకు పెట్టింది పేరు. తెనాలి ఐతానగర్‌లో 1908 ఆగస్టు 5న పుట్టారు ఆలూరి వెంకట సుబ్బారావు. హిందీ నేర్పిన గురువు పెట్టిన కలం పేరే చక్రపాణి. చివరికి అదే అసలు పేరైపోయింది.

ప్రాణాల మీదకు వచ్చిన జబ్బు

పాతికేళ్లు కూడా నిండకముందే ఆయనకు టీబీ సోకింది. 1932లో మదనపల్లె శానిటోరియంలో చేరారు. అప్పటికి టీబీకి సరైన మందే లేదు. స్ట్రెప్టోమైసిన్‌ను కనిపెట్టింది 1943లో. మంచి గాలి, తిండి, విశ్రాంతి.. వైద్యం అంటే అంతే. బతుకుతామో లేదో తెలియని ఆ రోజుల్లో ఆయన మంచం మీద ఊరికే కూర్చోలేదు. అక్కడే బెంగాలీ నేర్చుకున్నారు. బయటికొచ్చాక శరత్‌చంద్ర నవలలను తెలుగులోకి తెచ్చారు. శరత్ తెలుగువాడేనేమో అని పాఠకులు అనుకునేంత సహజంగా ఉండేది ఆ తెలుగు.

అన్నీ దొంగ వేషాలే!

1940లో 'ధర్మపత్ని'కి మాటలు రాసి సినిమాల్లోకి వచ్చిన చక్రపాణి, ఆ తర్వాత నాగిరెడ్డితో కలిసి విజయా సంస్థను నడిపారు. ఆయన ఫ్యామిలీ కామెడీల్లో ఒక విషయం గమనిస్తే భలే అనిపిస్తుంది. 'పెళ్లిచేసి చూడు'లో బడికి వెళ్లకుండా ఉండేందుకు పిల్లాడిది దొంగ నొప్పి. కట్నం పట్టింపుతో తండ్రి విడదీసిన భార్యను ఇంట్లోకి తెచ్చుకునేందుకు హీరో ఎన్టీఆర్‌ది దొంగ పిచ్చి. పక్కన నర్సు వేషంలో ఉన్నది ఆ భార్యే! కట్నం మీద ఇంత పెద్ద గొడవ నడుస్తున్నా ఉపన్యాసం ఉండదు. నవ్వుతూనే కట్నం అడిగినవాళ్ల పరువు తీసేస్తారు.

'మిస్సమ్మ'లో ఉద్యోగం కోసం దొంగ మొగుడూ పెళ్లాలు. 'గుండమ్మ కథ'లో పనివాడి వేషంలో డబ్బున్న అబ్బాయి. వీళ్లెవరూ ఒకరి కొంప ముంచరు. వేషం బయటపడేసరికి ఇల్లు బాగుపడుతుంది.

'మిస్సమ్మ' వెనక ఇంకో ముచ్చట ఉంది. మొదట హీరోయిన్‌గా అనుకున్నది ఒంగోలు ప్రాంతంలోని దొడ్డవరంలో పుట్టిన భానుమతిని. చక్రపాణితో మాటపట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. ఆ పాత్ర గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టిన సావిత్రికి దక్కింది. 1955లో సినిమా విడుదలైంది. ఆ తర్వాత సావిత్రి వెనక్కి తిరిగి చూసుకోలేదు.

పిల్లల కోసం చందమామ

సినిమాల్లో పేరు మోగక ముందే పిల్లల కోసం చక్రపాణి మరో పెద్ద పని చేశారు. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి 'చందమామ' మొదలుపెట్టారు. తెలుగు, తమిళంతో మొదలైన పత్రిక తర్వాత చాలా భాషలకు పాకింది. 1952 నుంచి దాని బాధ్యత చూసిన కొడవటిగంటి కుటుంబరావుది కూడా తెనాలే. కథలన్నీ చిన్న చిన్న మాటల్లోనే. అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు కూడా సొంతంగా చదువుకునేవారు.

1975 సెప్టెంబర్ 24న చక్రపాణి కన్నుమూశారు. మందు లేని రోజుల్లో టీబీతో శానిటోరియంలో చేరిన కుర్రాడు, ఆ తర్వాత 40 ఏళ్లకు పైగా బతికి తెలుగు పిల్లలకు ఓ పత్రికను, పెద్దలకు ఇంటిల్లిపాదీ చూసే సినిమాలను ఇచ్చి వెళ్లారు.