పుల్లలూరును హైదరాలీయు

పేరంబాకమునకు చేరువనున్న పుల్లలూరు నేడు పొలముల నడుమ ఒదిగియున్న చిన్న పల్లె. ఏడవ శతాబ్దమున పల్లవ మహేంద్రవర్మ తన శత్రువులను అచ్చట ఓడించినట్లు కాశక్కుడి శాసనము తెలుపుచున్నది. వేయేండ్లకు పైబడిన పిదప ఆ నేల మరల నెత్తురు చవిచూచెను. అందులకు ముఖ్యకారకుడు హైదరాలీ. అతని కథను మైసూరు చరిత్రలో చదువుచున్నాము గాని, దాని కడపటి ఘట్టము మన ఊళ్ల నడుమనే జరిగినదని పెక్కురెరుగరు.

హైదరు 1720 ప్రాంతమున కోలారు సీమలోని బూదికోటలో జన్మించెను. చదువను వ్రాయను నేర్వలేదు. జ్ఞాపకశక్తి మాత్రము అసాధారణము. సైన్యమున చేరి, 1761 నాటికి మైసూరు రాజ్యమును చేజిక్కించుకొనెను. 1769లో చెన్నపట్టణపు వాకిట నిలిచి ఆంగ్లేయులచే సంధి చేయించుకొనెను. పిదప మరాఠులు పైబడినపుడు, సంధి ప్రకారము తోడురావలసిన ఆంగ్లేయులు రాలేదు. హైదరు దానిని మరువలేదు. 1779లో వారు మాహేను పట్టుకొనుటతో అతని కోపము కట్టలు త్రెంచుకొనెను.

1780 జూలైలో సుమారు 80,000 మందితో కనుమలు దిగెను. దారిపొడుగున ఊళ్లు తగులబడెను. మాట తప్పినవారు కోటలో నుండిరి. శిక్ష పడినది పొలములోని కాపునకు. హైదరు శౌర్యమును మేము కాదనము గాని, ఈ సంగతిని విడిచి అతనిని పొగడజాలము.

గుంటూరునుండి వచ్చుచున్న కర్నలు బెయిలీ కాంచీపురమున మన్రో సేనను కలియవలసియుండెను. కుశస్థలి పొంగి అతనిని కొన్ని దినములు ఆపివేసెను. సెప్టెంబరు 6న పేరంబాకము కడ టిప్పు ఎదిరించెను. 10న పుల్లలూరు కడ తండ్రీకొడుకులు చుట్టుముట్టిరి. మందుగుండు బండ్లు ప్రేలిపోగా బెయిలీ లొంగిపోయెను. 1782లో శ్రీరంగపట్టణపు చెరలోనే మరణించెను. ఒకపూట నడకదూరమున నున్న మన్రో సకాలమున రాడయ్యెను. పెద్ద ఫిరంగులను కాంచీపురపు కోనేట పడవైచి చెన్నపట్టణమునకు మరలెను. ఇతడు హెక్టరు మన్రో. మన రాయలసీమవారు తలచుకొను థామస్ మన్రో వేరు.

మరుసటియేట ఐర్ కూట్ తిరుపాసూరు కోటను పట్టుకొని, ఆగస్టు 27న ఆ పుల్లలూరునందే హైదరును తాకెను. గెలుపెవరిదో తేలలేదు. అప్పుడు మడిసిన ఇద్దరు ఆంగ్ల సేనాధికారులకు అచ్చట స్మారకస్తంభములు గలవు. నెల తిరుగగనే షోళింగరు కడ హైదరు ఓడెను.

అప్పటికే వృద్ధుడు. వీపున రాచపుండు లేచి, 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపమున నరసింగరాయనిపేట దండులో కన్నుమూసెను. మలబారునుండి టిప్పు వచ్చువరకు ఆ వార్తను దాచియుంచిరి. కళేబరమును మొదట కోలారునకును, తరువాత శ్రీరంగపట్టణమునకును చేర్చిరి. అచ్చటి దరియా దౌలతు గోడపై పుల్లలూరు యుద్ధము చిత్రింపబడియున్నది; పల్లకిలోని బెయిలీని అందు నేటికిని చూడవచ్చును.