గాడిదల కొట్టములో బడి

మత్తయి సువార్త 18వ అధ్యాయములో ప్రభువు ఒక చిన్నబిడ్డను పిలిచి శిష్యుల మధ్య నిలువబెట్టెను. ఆ బిడ్డ పేరుగాని ఊరుగాని సువార్తికుడు వ్రాయలేదు. అట్టి పేరులేని బిడ్డలను వెదకిన ఒక విద్యార్థినిగూర్చి ఈ నెల వ్రాయుచున్నాను.

థామస్ బర్నార్డో 1845 జూలై 4న ఐర్లాండులోని డబ్లిన్ పట్టణమున జన్మించెను. 1862లో మారుమనస్సు పొందెను. చైనాలో సేవచేయుచుండిన హడ్సన్ టేలర్ గారి మాటలు విని, తానును వైద్య మిషనెరీగా ఆ దేశమునకు పోవలెనని 1866లో లండను చేరి, తూర్పు లండనులోని లండన్ ఆసుపత్రిలో విద్యార్థి యయ్యెను. ఆ యేడే అక్కడ కలరా వ్యాపించి వేలమంది చనిపోయిరి. దిక్కులేని బిడ్డలు వీధుల పాలైరి.

అప్పటికి ఇంగ్లాండులో బీదలకు చదువు సులభముగా దొరకెడిది కాదు. 1870లో విద్యాచట్టము వచ్చినను, బడిజీతము లేకుండ చదువుకొను వీలు చాలమందికి 1891లోగాని కలుగలేదు. చినిగిన బట్టలవారికొరకు భక్తులు ఉచితముగా నడిపినవి చింకిపాతల బడులు. బర్నార్డో తన తోటి విద్యార్థులతో కలిసి, ఒకప్పుడు గాడిదలను కట్టిన కొట్టమును అద్దెకు తీసికొని, నేలమీద పలకలు పరచి, గోడలకు సున్నము కొట్టి, బడి పెట్టెను. రాత్రిబడి నడిపినవారికి తెలియును. అలసిన కన్నులతో చెప్పు చదువును, ఆకలిగొన్న కడుపుతో విను చదువును ఎంత కష్టమో!

ఒక చలిరాత్రి బడి ముగిసిన తరువాత జిమ్ జార్విస్ అను బాలుడు ఇంటికి పోక నిలిచెనట. వానికి ఇల్లే లేదు. వాడు చూపగా, ఒక కప్పుమీద పదునొకండుగురు బాలురు చలిలో పడి నిద్రించుట బర్నార్డో చూచెను. తరువాతి కాలమున ఆయనే ఈ సంగతి వ్రాసెను. అక్షరములకంటె ముందు పడకయు రొట్టెయు కావలెనని ఆయనకు తేటపడెను.

1870లో స్టెప్నీలో బాలుర గృహము తెరచెను. ఒక రాత్రి చోటులేదని జాన్ సోమర్స్ అను పదునొకండేండ్ల బాలుని పంపివేయగా, కొద్ది దినములకే వాడు చలికిని ఆకలికిని చచ్చి కనబడెను. అది మొదలు దిక్కులేని ఏ బిడ్డకును తలుపు మూయకూడదని నిశ్చయించెను. 1876లో బార్కింగ్‌సైడ్‌లో బాలికలకు కుటీరముల గ్రామము కట్టించెను. 1877లో కాపర్‌ఫీల్డ్ వీధియందు కాలువ ఒడ్డునున్న గిడ్డంగులలో పెద్ద ఉచిత పాఠశాల పెట్టి, చదువుతోపాటు భోజనమును పెట్టించెను.

ఆయన తప్పులు దాచుట న్యాయము కాదు. పట్టా పొందకమునుపే డాక్టరని పిలిపించుకొనెను. జనుల జాలి కొరకు బిడ్డల ఛాయాచిత్రములను ఉన్నదానికంటె దీనముగా తీయించినందుకు 1877లో మధ్యవర్తుల విచారణలో తప్పు పట్టబడెను. తలిదండ్రుల సమ్మతి లేకయే కొందరు బిడ్డలను తీసికొనెను. 1882 నుండి వేలకొలది పిల్లలను కెనడాకు పంపెను. వారిలో అనేకులు పొలములలో కష్టములపాలై, తమవారిని మరల చూడనే లేదు. మంచి ఉద్దేశముతో చేసినదే గాని, ఆ కన్నీళ్లు నిజమైనవి. నేను ఈ భాగము వ్రాయక విడువలేకపోతిని.

1905 సెప్టెంబరు 19న ఆయన నిద్రించెను. అప్పటికి సుమారు 60,000 మంది బిడ్డలకు ఆశ్రయము దొరికెను. కాపర్‌ఫీల్డ్ వీధి బడి 1908లో మూయబడెను. 1990లో ఆ కట్టడము చింకిపాతల బడి ప్రదర్శనశాల యయ్యెను. చైనాకు సిద్ధపడి వచ్చిన ఆ విద్యార్థి చైనాను ఎన్నడును చూడలేదు.